జంట చిలకల అంచు

ధర్మవరంలో ఖాదర్‌వలీ మాస్టారి దగ్గర కంప్యూటర్ల రిపేరు నేర్చుకున్న వాళ్ళందరికీ ఆయన అలవాటు ఒకటి తెలుసు. మెషిన్‌లో మెమరీని ముట్టుకున్నారంటే, అది కొత్త ముక్క బిగించడమే కానీ, ఉన్నదాని వేగం కొంచెం పెంచడమే కానీ, ఆ తర్వాత ఒక పగలంతా ఆ మెషిన్‌కు పరీక్ష పెట్టేవారు. పరీక్ష ప్రోగ్రామ్ మెమరీలోని ప్రతి మూలా ఏదో ఒకటి రాస్తుంది, తిరిగి చదువుతుంది, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూసుకుంటుంది. అంతే. పక్కన కూర్చుని చూడడానికి అందులో ఏమీ ఉండదు. అది ముగిసేదాకా ఆ మెషిన్‌లో ఎవరి పనీ జరగనిచ్చేవారు కాదు. మెషిన్ కోసం వచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఎంత గింజుకున్నా "రేపు రాప్పా" అనేవారు. వాడు గొణుక్కుంటూ పోయేవాడు. మాస్టారు ఫ్యాన్ కింద ఇంకో మెషిన్ విప్పుకుని కూర్చునేవారు.

శిష్యులు నవ్వుకునేవాళ్ళు. సుగుణ అనే ఆమె ఒకరోజు మొహం మీదే అనేసింది.

"నేను వండిన కూరను మా అత్త గరిటెతో తిరగేసి చూసినట్టుంది సార్, మీ పరీక్ష."

మాస్టారు కూడా నవ్వారు. పరీక్ష మాత్రం మానలేదు.

ఆ శిష్యుల్లో లోకనాథ్ ఒకడు. ముప్పై దాటినవాడు, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు. ఊళ్ళో ఒక డిజైన్ సెంటర్లో పని. చీర అంచులకూ కొంగులకూ కంప్యూటర్ మీద గళ్ళ కాగితంలాంటి దాంట్లో బొమ్మలు గీస్తాడు. ఆ గళ్ళను బట్టి మెషిన్ అట్టలకు రంధ్రాలు కొడుతుంది. ఆ అట్టల దండను నేతగాళ్ళు తీసుకుపోయి మగ్గం మీది జకార్డుకు తగిలించుకుంటారు. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నేతగాడి చెయ్యి ఎంత గొప్పదైనా అట్ట చెప్పిన బొమ్మే చీర మీదికి వస్తుంది.

లోకనాథ్‌కు కొత్తగా ఓవర్‌క్లాకింగ్ పిచ్చి పట్టింది. మెమరీ మీద కంపెనీ రాసిన వేగం ఒకటి ఉంటుంది. దాన్ని దాటి నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి పోయి రెండు అంకెలు మారుస్తే చాలు. తెలిసినవాళ్ళకు అది ఓపికతో చేసే పని. కొంచెం పెంచి, పరీక్షించి, తప్పు వస్తే తగ్గించి, మళ్ళీ పరీక్షించి చేస్తారు. మొదటిసారి చేసేవాడికి అది ఒక గెలుపు. లోకనాథ్ వీడియోలు చూసి, తన ఇంటి మెషిన్ మీద కాదు, సెంటర్ మెషిన్ మీదే చేశాడు. పెద్ద డిజైన్లు చటుక్కున తెరుచుకుంటున్నాయి. ఓనర్ భుజం తట్టాడు. ఆ ఊపులో ఒక ఉదయం క్లాసులో అందరి ముందూ మాస్టారిని అడిగాడు.

"సార్, మెమరీ ఓవర్‌క్లాక్ చేసినా. పరీక్షా పెట్టలేదు, గిరీక్షా పెట్టలేదు. అప్పట్నుంచీ నడుస్తానే ఉండాది, ఒక్కసారి ఆగలేదు, ఒక్కసారి తప్పుందని నీలం తెర రాలేదు. తప్పుంటే మెషిన్ అదే చెప్పదా సార్? మీరు ఏంటికి ఇంత భయపడతారు?"

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. వాదం పెట్టుకోలేదు. లెక్కలు చెప్పలేదు.

"మీ సెంటర్‌కు ఈ మధ్య ఎవరన్నా వచ్చినారా?" అన్నారు.

"ఏమని సార్?"

"అట్టల్లో తేడా ఉండాదేమో అని."

లోకనాథ్ తేలిగ్గా నవ్వాడు. "ఒక పెద్దాయన వచ్చినాడు సార్, చౌడప్ప అని. జంట చిలకల అంచు అట్టలు మా దగ్గరే చేయించుకున్నాడు. పాత డిజైనే, అంచు వెడల్పు కొంచెం మార్చి కొత్తగా కొట్టించి ఇచ్చినా. చీరను షావుకారు తిరగ్గొట్టినాడంట. అట్టలు ఒకసారి చూడు నాయనా అన్నాడు. అట్టలు పక్కన పెట్టుకుని, తెర మీద డిజైన్ తెరిచి, గడికి గడి చూపించినా. అన్నీ సరిపోయినాయి. 'కంప్యూటర్లో తప్పు ఉండదు తాతా, నీ మగ్గంలో చూసుకో' అన్నా. అవును నాయనా అని దండం పెట్టి పోయినాడు."

"దండం పెట్టి పోయినాడా?"

"అవును సార్."

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "ముందు ఆ మెషిన్ చూద్దాం పా."

సెంటర్లో ఆరోజు ఓనర్ లేడు. మాస్టారు పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. మొదట ఏమీ రాలేదు. లోకనాథ్ టీ తెప్పించాడు. టీ తాగడం అయింది. అయినా ఏమీ రాలేదు. "చూసినారా సార్?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. గది వేడెక్కింది. మెషిన్ కూడా వేడెక్కింది. మధ్యాహ్నం భోజనాల వేళకు తెర మీద ఒక ఎర్ర గీత పడింది. లోకనాథ్ దగ్గరికి వంగాడు. చూస్తుండగానే దాని కింద ఇంకొకటి పడింది. ఆ తర్వాత వరసగా పడ్డాయి. రాసింది ఒకటి, చదివింది ఇంకొకటి. మెషిన్ మాత్రం ఆగలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. బయటినుంచి చూసేవాడికి అంతా బాగానే ఉంది.

"ఇప్పుడు వేగం మామూలుకు తగ్గించి ఆ చిలకల అంచు తెరువు" అన్నారు మాస్టారు.

లోకనాథ్ తగ్గించి తెరిచాడు. కొమ్మకు అటొక చిలక, ఇటొక చిలక. ఎప్పటిలాగే అందంగా ఉన్నాయి.

"ఎట్ల గీసినావు దీన్ని?"

"ఎడమ చిలక గీసి, దాన్నే తిప్పి కుడి పక్క అతికించినా సార్. అందరూ అట్లే చేస్తారు."

"అయితే రెండూ ఒకటే కావాల. ఒకదాని మీద ఒకటి పెట్టు."

లోకనాథ్ ఎడమ చిలకను తిప్పి కుడి చిలక మీద పెట్టాడు. కుడి చిలక మెడ దగ్గర కొన్ని గడులు కలవలేదు. ఎడమ చిలక మెడలో నిండి ఉన్న గడులు కుడి చిలక మెడలో ఖాళీగా ఉన్నాయి. గీసే చెయ్యి అట్లా గీయదు. అంచు వెడల్పు మార్చినరోజు ఆ డిజైన్ కాసేపు మెమరీలో ఉంది. అక్కడ చెడింది. చెడినదాన్నే లోకనాథ్ సేవ్ చేశాడు. చెడినదానికే అట్టలు కొట్టాడు. పెద్దాయన వచ్చి అడిగినప్పుడు చెడిన అట్టలను చెడిన డిజైన్ పక్కన పెట్టి, సరిపోయాయని చూపించాడు. దొంగను తెచ్చి దొంగకు సాక్ష్యం చెప్పించినట్టయింది.

లోకనాథ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇప్పుడే సరిచేసి కొత్త అట్టలు కొట్టిస్తా సార్, ఎంతసేపు పని?" అన్నాడు.

"కొట్టుకో. తీసుకుని పోదాం."

మగ్గం ఎక్కని వాళ్ళకు ఇదంతా చిన్న విషయంగా కనిపిస్తుంది. నాలుగు గడులు పోతే ఏం పోతుంది అంటారు. మెడ దగ్గర పోగు లేవకపోతే జరీకి కట్టు ఉండదు. కట్టు లేని జరీ చీర మీద పడుకోదు, వదులుగా పైకి తేలుతుంది, గోరుకు తగులుతుంది. అంచులో బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి ఆ తప్పు కూడా చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రతి చిలక జంటలోనూ వస్తుంది. చీర చూసినవాడు డిజైన్ గీసినవాడిని అడగడు. అట్ట కొట్టిన మెషిన్‌ను అడగడు. చివరిసారి దాని మీద ఎవరి చెయ్యి పడిందో వాడిని అడుగుతాడు. ఈ లోకంలో పైన జరిగిన ప్రతి తప్పుకూ కింద ఒక మనిషిని వెతికి పెట్టుకుంటారు. ఆ మనిషి వెతకకుండానే దొరుకుతాడు. మగ్గం గుంటలో కూర్చుని ఉంటాడు.

చౌడప్ప ఇల్లు శాంతినగర్ వెనక సందులో. వాకిట్లో ఆయన భార్య కదిరమ్మ చేటలో కందులు పెట్టుకుని ఏరుతోంది. లోపలి నుంచి మగ్గం చప్పుడు లేదు. పక్కిళ్ళ నుంచి వస్తోంది.

"చౌడప్పను చూడాలని వచ్చినామమ్మా" అన్నారు మాస్టారు.

కదిరమ్మ తలెత్తి లోకనాథ్‌ను గుర్తుపట్టింది. "ఏ చౌడప్ప? నేసే చౌడప్ప అయితే లేడు. కాపలా చౌడప్ప అయితే లోపల అన్నం తింటాండాడు. సిమెంటు గోడౌన్‌కు పోయే టైమైంది, బిరీన చూసుకోండి."

"కాపలాకు పోతాండాడా?" అన్నాడు లోకనాథ్.

"మరి ఏం చేయమంటావు అబ్బీ? చెయ్యి పోయిందని షావుకారు అన్నాడు. చెయ్యి పోయినోడికి గోడౌన్ ముందర కూకోవడం చేతనైతాది గదా."

ఆమె కందులు ఏరడం ఆపకుండానే చెప్పింది. పెండ్లి చీరంటే చౌడప్ప మగ్గం మీదే దించాలని షావుకారు పట్టుబట్టే రోజులు మొన్నటిదాకా ఉండినాయి. ఆ షావుకారి గుమాస్తా అంచు మీద వేలు రాసి, అందరి ముందూ గోరుతో జరీ లేపి చూపించి, "ముసిలోడివైపోయినావు చౌడప్పా, ఇంక మనవళ్ళను ఆడించుకో" అన్నాడు. చౌడప్ప ఇంటికొచ్చి అట్టల మీద అనుమానపడి సెంటర్‌కు పోయినాడు. అక్కడ కంప్యూటర్ చూపించినారు. తిరిగొచ్చి, తప్పు మగ్గంలోనే ఉంటుందని జకార్డు దారాలన్నీ విప్పేసినాడు. ఒక్కొక్క దారం కొక్కేనికి మళ్ళీ కట్టుకుంటూ వచ్చినాడు. ఆమె పక్కన కూర్చుని దారాలు అందించింది. కట్టి, మళ్ళీ నేసినాడు. మళ్ళీ చిలక మెడ దగ్గర జరీ లేచింది. కండ్ల డాక్టరు దగ్గరికి పోయినాడు. కండ్లు బాగుండాయని ఆయన చెప్పినాడు.

"కండ్లు బాగుంటే చెయ్యే పోయిందని అర్థం గదా అన్నాడు. ఇంటికొచ్చి కత్తెర తీసుకుని పడుగు కోసేసినాడు."

మగ్గం మీదున్న పడుగును, నిలువు పోగులన్నిటినీ, నేతగాడు తన చేత్తో తానే కోసుకోవడమంటే ఏమిటో ఆ ఊళ్ళో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు. అలిగి కొందరు అన్నం మానేస్తారు, పౌరుషం వచ్చి కొందరు ఊరు వదిలి పోతారు. పడుగు మాత్రం కోయరు.

చౌడప్ప చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాడు. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. భుజాన కాపలావాళ్ళ ఖాకీ చొక్కా ఉంది, ఇంకా తొడుక్కోలేదు. లోకనాథ్‌ను చూసి మొహం విప్పారింది.

"నువ్వా నాయనా! రా, కూకో. మే, మంచం వాల్చు. సార్, కూకోండి."

లోకనాథ్ కూర్చోలేదు. "తాతా, తప్పు నాది" అన్నాడు. "కంప్యూటర్లో మెమరీ వేగం పెంచినా. దాని వల్ల డిజైన్లో గడులు చెడిపోయినాయి. నాకు తెలియలేదు. నీ చెయ్యి తప్పు కాదు, నీ మగ్గం తప్పు కాదు. అట్టలే తప్పు. ఇవిగో, సరైనవి కొట్టించి తెచ్చినా."

చౌడప్ప అట్టల దండ వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"అట్టలు తప్పు కాదులే నాయనా. ఆ పొద్దు నువ్వే చూపిస్తివి గదా, గడికి గడి. నా కండ్లతో చూస్తి."

"అప్పుడు తెర మీద ఉండేదే తప్పు తాతా."

"కంప్యూటర్లో తప్పెట్ల ఉంటుంది?"

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. లోకనాథ్ నోటి నుంచి విన్నమాటనే, వేదం విన్నట్టు విని దాచుకున్నమాటనే, తిరిగి అతనికి చెప్పాడు. లోకనాథ్ జేబులోంచి ఫోన్ తీసి రెండు చిలకలనూ ఒకదాని మీద ఒకటి పెట్టిన బొమ్మ చూపించాడు. ఇదిగో, ఈ మెడ చూడు, ఈ ఖాళీలు చూడు అన్నాడు. చౌడప్ప ఫోన్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూశాడు. చూసి, మెల్లగా తిరిగి ఇచ్చాడు.

"ఈ బొమ్మ ఈ పొద్దు చేసుకొచ్చినావా?"

"అవును తాతా, ఇప్పుడే. మాస్టారు కూడా చూసినారు."

"మంచోడివి నాయనా. ముసిలోడు మనసు చెడగొట్టుకున్నాడని ఎవరో చెప్పుంటారు. ఇంత ఎండలో పని ఆపుకుని వచ్చినావు. మా కడుపున పుట్టినోళ్ళు కూడా రారు ఇట్ల."

"అయ్యో, కాదు తాతా! ఊరడించడానికి కాదు. నిజంగానే..."

"సరేలే, నిజమే అనుకో" అన్నాడు చౌడప్ప. లోకనాథ్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణకలేదు. ఎప్పుడూ వణికిన చెయ్యి కాదది. "ఒక వయసొస్తే చేతిలో పని పోతాది నాయనా. మా నాయనకూ పోయింది. నాకు తెలియకుండానే పోయింది, అదే బాధ. పోతున్నట్టు ముందే తెలిసుంటే ఆ పెండ్లి చీరలు ఒప్పుకునేవాణ్ణి కాదు."

"షావుకారు దగ్గరికి నేను వస్తా. నా తప్పని ఆయనకు చెప్తా."

ఆ మాటకు మాత్రం చౌడప్ప గొంతు గట్టిపడింది. "వద్దు. నేత చేతగాక అట్టల మీద పెట్టినాడన్నమాట ఒకసారి పడినా. మళ్ళీ పడను. ఈ ఊళ్ళో నాకు మిగిలింది మర్యాద ఒక్కటే. దాన్ని ఉండనీ."

అప్పటిదాకా ఊరుకున్న కదిరమ్మ చేట పక్కకు నెట్టి లేచింది. ఆమె నమ్మింది. ఆమె మొహంలో అది తెలుస్తూనే ఉంది. నమ్మడం వల్ల ఆమెకు ఊరట రాలేదు, నిప్పు రాజుకుంది.

"ఆ పొద్దు ఈయప్ప మీ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చినాడు. గుడికి వచ్చినట్టు వచ్చినాడు. ఏమో తాతా, చూస్తాలే, రెండు రోజులు ఆగు అని ఒక్కమాట అనలేకపోతివా అబ్బీ? ఆ మాటకు నీ సొమ్మేం పోతాది? నా పడుగు ఉండేది గదా మగ్గం మీద!"

"మే, ఊరుకో" అన్నాడు చౌడప్ప. "పిల్లోడు మంచి మాట చెప్పడానికి వచ్చినాడు. వానిమీద అరస్తావేంది?"

ఖాకీ చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. సన్నటి పట్టు పోగును అతికించే వేళ్ళకు ఆ గుండీలు ఎంత పని? చకచకా పెట్టేసుకుని, మాస్టారికి నమస్కారం చేసి, కర్ర తీసుకుని సందు మలుపు తిరిగి పోయాడు. కదిరమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. కొత్త అట్టల దండ మంచం మీదే ఉంది. దాన్ని తీసుకుపోవాలో వదిలిపోవాలో తెలియక లోకనాథ్ అక్కడే నిలబడ్డాడు. చివరికి వదిలేసి వచ్చాడు.

సందు పొడుగునా పక్కిళ్ళ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. సగం దూరం నడిచాక లోకనాథ్ ఆగిపోయాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నిజం చెప్తే నమ్మలేదు సార్. కాళ్ళు పట్టుకుని చెప్పినా నమ్మేటట్టు లేడు. నా మాట ఎందుకు నమ్మడు సార్?"

ఖాదర్‌వలీ మాస్టారు వెనక్కి తిరిగి చూడలేదు.

"ఒకసారి నమ్మినాడు గదప్పా" అన్నారు.